చీకూభాయ్ కంట్లో నలక

"నోరు కడుక్కున్నవా?" అని అడిగాడు ఓంప్రకాష్.

పెళ్లయిన కొత్తలో ఈ మాట వినపడితే ముందు గదిలో కూర్చున్న చుట్టాలు సిగ్గుపడి టీవీ సౌండు పెంచేవాళ్లు. పాపం, వాళ్లు అనుకున్నదేమీ కాదు. ఓంప్రకాష్ కంట్లో నలక పడింది. దాన్ని ఊర్మిళ నాలుకతో తీయాలి. అంతే సంగతి.

ఓంప్రకాష్ సూరత్ పక్కన ఉన్న సచిన్‌లో ఒక సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల మిల్లులో, మాస్టర్. సాంచె ఆగితే కార్మికుణ్ణి తిట్టడం, నడిస్తే చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం ఆయన పని. అలా తిరుగుతుంటే పోగుల దుమ్ము తలలో చేరుతుంది, ముక్కులో చేరుతుంది, కంట్లో చేరుతుంది. తలకు షాంపూ ఉంది, ముక్కుకు రుమాలు ఉంది, కంటికి ఊర్మిళ ఉంది. సాయంత్రం నవాగామ్‌లోని ఇంటిముందు బండి ఆపి, లోపలికొచ్చి, ట్యూబులైటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, తల వెనక్కి వాల్చి, రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకుంటాడు. మంగలి ముందు కూర్చున్నంత ధీమాగా ఉంటాడు. ఊర్మిళ ఉప్పునీళ్లు పుక్కిలించి వచ్చి, ఆయన మీదికి వంగి, నాలుక మొనతో కింది రెప్ప లోపలంతా తుడవాలి, పై రెప్ప లోపలంతా తుడవాలి, ముక్కు పక్క మూలన ఇంకోసారి తుడవాలి. ఆ మూలనే పుసి ఉంటుంది. ముందు ఉప్పగా తగులుతుంది. తర్వాత సాంచె నూనె. ఆ తర్వాత ఏదో జిగట, దానికి పేరు లేదు, పేరు పెట్టాల్సిన అవసరం ఇంతవరకు ఏ మగవాడికీ రాలేదు. ఈలోపల కింద తెరుచుకుని ఉన్న ఆయన నోట్లోంచి తంబాకు వాసన ఆవిరిలా పైకి కొడుతూ ఉంటుంది. పైగా మధ్యలో ఆయన మాట్లాడతాడు. "జర ఎడమకు. అరె, ఎడమకంటే నా ఎడమకు."

అయ్యాక అసలు ఘట్టం. "సూపెట్టు" అంటాడు.

ఊర్మిళ నాలుక బయటపెట్టాలి. దాని మీద నలక కనపడాలి. కనపడితే "ఆఁ, ఇదే. పొద్దటిసంది సంపుతాంది" అని తృప్తిగా లేచి చాయ్ అడుగుతాడు. కనపడకపోతే మళ్లీ తల వాలుస్తాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిస్తే ఆయన అంత శ్రద్ధగా చూసింది ఈ ఒక్క సందర్భంలోనే.

ఈ విద్య నేర్పింది అత్త నర్సవ్వ. సిరిసిల్ల పక్కన ఆమె ఊళ్లో ఎవరి కంట్లో ఏది పడ్డా నర్సవ్వ గడప ముందుకే వచ్చేవాళ్లట. "ఆడిదాని నాలుక మెత్తగుంటది బిడ్డా. దేవుడు ఊకెనే ఇయ్యలే" అని కొత్త కోడలికి మొదటి పాఠం చెప్పింది. మొదటిరోజు ఊర్మిళ బాత్రూంలోకి పరుగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కింది. బయట నర్సవ్వ మొహం వెలిగిపోయింది. ఊరికి ఫోన్లు వెళ్లాయి. కొన్నాళ్లపాటు ఆ ఇంట్లో ఊర్మిళకు పుల్లటివి కోసిపెట్టారు. తీరా ఏమీ లేదని తేలాక, "మరెందుకు కక్కినవ్?" అని అందరూ ఆమెనే అనుమానంగా చూశారు. మొగుడి కన్ను నాకితే వాంతి వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కొన్నాళ్లకు ఊర్మిళ ఒక సంగతి కనిపెట్టింది. చాలాసార్లు ఆ కంట్లో నలకే ఉండదు. నలిపి నలిపి ఎర్రబడ్డ కన్ను, అంతే. కానీ నలక చూపిస్తే తప్ప ఆయన కుర్చీ దిగడు. అందుకని పుక్కిలించడానికి వెళ్లినప్పుడే చీర కొంగులోంచి చిన్న పోగు పీకి నాలుక కింద దాచుకోవడం మొదలుపెట్టింది. పని సగానికి సగం తగ్గింది. ఒకరోజు అలా దాచుకుంటుంటే నర్సవ్వ చూసింది. ఊర్మిళ నోరు గట్టిగా మూసుకుంది. నర్సవ్వ చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, మెల్లగా అంది: "పచ్చది పెట్టకే పిల్లా. వాని కార్ఖానాల నేసేదంతా తెల్లబట్టనాయె. పచ్చ పోగేడికెల్లి వస్తది? తెల్లది పెట్టు."

ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. కానీ నర్సవ్వ పాత తెల్లచీర ఒకటి బాత్రూంలో కొక్కేనికి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఇంతలో కరోనా వచ్చింది. సాంచెలు బందయ్యాయి. కంట్లో దుమ్ము బందయింది. ప్రపంచంలో అందరికీ ఏదో ఒకటి పోయిన ఆ రోజుల్లో బాగుపడ్డది ఊర్మిళ నాలుక ఒక్కటే. ఓంప్రకాష్ మాత్రం ఖాళీగా లేడు. వాట్సాప్‌లో వచ్చిందల్లా ఇంట్లో చట్టం చేశాడు. పాల ప్యాకెట్లకు సర్ఫు స్నానం. ఆలుగడ్డలకు బాల్కనీలో ఏకాంతవాసం. కరివేపాకుకు పసుపునీళ్లు. ఇవన్నీ ఆయన చేయించాడు, ఊర్మిళ చేసింది. బాల్కనీలో నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఎదురింటి బిక్షపతికి ఉపన్యాసం ఇచ్చేవాడు: "ఒకల నోటి తుంపర ఇంకొకల మీద పడొద్దు అన్నా. గదే దీని కీలకం. సైన్సు!"

వానలు మొదలయ్యే ముందు ఊర్మిళకు జ్వరం తగిలింది. పరీక్షకు పోతే మున్సిపాలిటీవాళ్లు తలుపుకు కాగితం అంటిస్తారు, సొసైటీలో ఇజ్జత్ పోతుంది. కాబట్టి అది వాతావరణం వల్ల వచ్చిందని ఓంప్రకాష్ తీర్మానించాడు. వాతావరణం ఆమె నుంచి వాసన, రుచి రెండూ తీసుకుపోయింది. అప్పుడే సాంచెలు తిరిగి తెరిచారు, కుర్చీ మళ్లీ ట్యూబులైటు కిందికి వచ్చింది. నిజం చెప్పాలంటే ఊర్మిళ కాపురంలో అవి బంగారు రోజులు. నాలుక కంటికి తగిలేది, ఏమీ తెలిసేది కాదు. గోడ నాకినట్టుండేది. అందరూ రుచి ఎప్పుడొస్తుందా అని మిరియాలు నములుతుంటే, ఆమె మాత్రం తొందరేం లేదనుకుంది. వచ్చింది. ఎక్కడ వచ్చిందంటే, ఒక సాయంత్రం, ముక్కు పక్క మూలన. ముందు ఉప్పు. తర్వాత సాంచె నూనె. తర్వాత ఆ పేరులేనిది. మామిడిపండుతోనో పులుసుతోనో తిరిగి రావలసిన రుచి, మొగుడి పుసితో తిరిగి వచ్చింది. ఆరోజు ఆమె బాత్రూంలో చాలాసేపు ఉండి, తెల్లచీర కొంగుతో నాలుక గట్టిగా రుద్దుకుంది, తోలు లేస్తుందేమో అన్నట్టు.

అప్పుడే ఆ ఇంటికి చీకూభాయ్ వచ్చాడు.

చీకూ ఒక కుందేలు. కార్ఖానా సేఠ్ కూతురిది. సూరత్‌లో కేసులు పెరుగుతున్నాయని సేఠ్ కుటుంబం వరాఛా పేటలోని ఫ్లాటుకు తాళం వేసి సౌరాష్ట్రలోని సొంతూరికి కారెక్కింది. కుందేలుకు కారు పడదట. "మాస్టర్, నీమీద భరోసా" అని సేఠ్ ఓంప్రకాష్ చేతిలో పంజరం పెట్టాడు. తన మీద ఎవరైనా భరోసా ఉంచడం అలవాటు లేని ఓంప్రకాష్ ఆ పంజరాన్ని బండి మీద ముందు పెట్టుకుని, తన హెల్మెట్ దాని మీద బోర్లించి తీసుకొచ్చాడు. సేఠ్ తాలూకు ప్రాణి కాబట్టి ఉత్త చీకూ అనడానికి నోరు రాలేదు. ఆ ఇంట్లో ఓంప్రకాష్ చేత 'భాయ్' అనిపించుకున్న మొదటి జీవి అదే. ఊర్మిళను ఆయన "ఏయ్" అనే పిలుస్తాడు, మంచి మూడ్‌లో ఉంటే "ఓయ్" అంటాడు.

ఎదురింటి బాల్కనీలోంచి బిక్షపతి మెడ చాచి చూశాడు. "చెవులపిల్లా? మస్తున్నది తమ్మీ. ఎప్పుడు కోస్తున్రు? తలకాయ నాకుంచు."

"నోరు మూసుకో అన్నా! సేఠ్‌ది!" అని ఓంప్రకాష్ వణికిపోయాడు. ఆరోజు నుంచి ఇంట్లో కోడి లేదు, గుడ్డు లేదు. సేఠ్‌వాళ్లు శాకాహారులు, చీకూభాయ్ ముక్కు సున్నితం. "సేఠ్ బిడ్డ వచ్చినంక దీని బొచ్చు వాసన చూస్తే?" అన్నాడు. ఎనిమిదో తరగతి ఆన్‌లైన్‌లో వింటున్న కూతురు విజేత పడీపడీ నవ్వింది. "పప్పా, అది చెప్తదా, ఆంటీనే అండా ఖిలాయా, గుడ్డు తినిపిచ్చింది అని?"

చీకూభాయ్ బాగోగులు ఎవరు చూడాలన్నది చర్చకే రాలేదు. గదిలో మూలమూలనా మిరియాల్లా రాలే దాని గుళికలు ఎత్తడం, పంజరం కింద ఉచ్చతో తడిసిన పేపరు మార్చడం, వాసన మొహానికి కొట్టకుండా ఊపిరి బిగబట్టడం. దానికొక అలవాటు కూడా ఉంది. పొద్దున్నే తన వెనక నుంచి వచ్చే మెత్తని ముద్దలు తానే తినేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఊర్మిళ మొహం తిప్పుకుంది. తర్వాత ఆలోచిస్తే గౌరవం కలిగింది. ఆ ఇంట్లో తన చండాలం తాను చూసుకునే ప్రాణి అదొక్కటే.

ఒక ఆదివారం మధ్యాహ్నం విజేత అరిచింది. "మమ్మీ! చీకూ కన్ను తెరుస్తలేదు!"

ఎండుగడ్డి దుమ్మేదో పడ్డట్టుంది. ఎడమ కంటి మూలన తెల్లటి పుసి గడ్డకట్టి, బొచ్చుకు అంటుకుని, పక్కన గడ్డిపొట్టు ఇరుక్కుని ఉంది. అది ముందుకాలితో మొహం రుద్దుకుంటోంది. ఓంప్రకాష్ ఒక్క చూపు చూసి "ఛీ ఛీ" అని ముక్కు మూసుకున్నాడు. వెంటనే గోడ గడియారం చూశాడు. సాయంత్రం సేఠ్ కూతురు వీడియో కాల్ చేస్తుంది. చీకూ మొహం దగ్గరగా చూపించమంటుంది.

"కొంప మునిగింది. గీ ముఖంతోని ఎట్ల సూపెడ్తం? అమ్మా, ఏం జేద్దమే?"

నర్సవ్వ మంచం మీంచే వైద్యం చెప్పింది. "చనుబాలు రెండు సుక్కలేస్తే పోతుండె. ఇంట్ల బాలింత లేకపాయె."

అందరూ ఒక్కసారి ఊర్మిళ వైపు చూశారు, ఆ లోటు కూడా ఆమెదే అన్నట్టు. అప్పుడు ఓంప్రకాష్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఊర్మిళా, నువ్వే తియ్యరాదూ? నాలుకతోని."

పేరు పెట్టి పిలిచాడు. అందుకే ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "దేనిది? చెవులపిల్లిదా?"

"ఏమైతది? పట్నం పశువు, రోజూ గాజరగడ్డే తింటది. గింత శుద్ధమైన కన్ను ఏడ దొరుకుతది?"

"దాని కన్ను నాకుమంటున్నవా నన్ను?"

"నాది తీస్తలేవా మరి?" అన్నాడు ఓంప్రకాష్. ఎగతాళి కాదు. నిజంగానే ఆయనకు తేడా తెలియలేదు. ఆమె చేస్తున్న పనికి ఇది ఇంకో కన్ను, అంతే అనుకున్నాడు. టిఫిను డబ్బాలో ఇంకో రొట్టె పెట్టమన్నంత మామూలుగా అన్నాడు.

ఊర్మిళ కుందేలును చూసింది. గడ్డకట్టిన పుసి, దానికి అంటుకున్న బొచ్చు, గడ్డిపొట్టు. అది నాలుక మీద ఎలా ఉంటుందో ఆలోచించింది. ఇంత అసహ్యం వేస్తుంటే ఆమెకు లోపల ఎక్కడో చల్లగా కూడా ఉంది. పద్నాలుగేళ్లుగా తనకేదో జబ్బు ఉందనుకుంది. అందరు ఆడవాళ్లూ చేసేదే తనకెందుకు కడుపులో తిప్పుతుంది, తనకే ప్రేమ తక్కువేమో, తన నాలుకే పొగరుదేమో అనుకుంది. ఇప్పుడు అదే పని, అదే పుసి, మనిషి పోయి కుందేలు వచ్చేసరికి, రోగం తనకు కాదని తేలిపోయింది. కుందేలుకు చేయడానికి రోతగా ఉన్నది మనిషికి చేయడానికీ రోతే. పక్కన తాళిబొట్టు ఉన్నంతమాత్రాన పుసి పులిహోర అయిపోదు.

"సేఠ్ ఇచ్చిన డాక్టర్ నంబరేది?" అంది.

ఫోనులో పశువుల డాక్టర్ బెన్, అక్కడ ఆడవాళ్లను అలాగే పిలుస్తారు, హిందీలో మాట్లాడింది. ఊర్మిళ ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెల్లగా అడిగింది, "మా ఇంట్లో నాలుకతో తీయమంటున్నారు."

"అరే భగవాన్! వద్దు, వద్దు. నోట్లో ఎన్ని క్రిములుంటాయో తెలుసా? కన్ను పాడైపోతుంది. నీళ్లు మరగబెట్టి చల్లార్చండి. శుభ్రమైన దూది తడిపి, ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా తుడవండి. ఒకసారి తుడిచిన దూది మళ్లీ వాడొద్దు. గడ్డకట్టింది మెత్తబడేదాకా తడి దూది ఆనించి ఉంచండి, పీకొద్దు. తన్నకుండా తువ్వాలలో చుట్టండి. రేపటికి ఎర్రబడ్డా, కన్ను తెరవకపోయినా తీసుకురండి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి."

"మరి మనుషులకైతే?"

"మనుషులకేంటి?"

"నాలుక."

"మనుషులకు ఎవరు పెడతారు బెన్?"

"ఊరికే అడిగిన" అని ఊర్మిళ ఫోను పెట్టేసింది.

విజేత తువ్వాల తెచ్చింది. చీకూను అందులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఊర్మిళ తడి దూది ఆనించి పట్టుకుంది. కుందేలు గుండె ఆమె అరచేతి కింద సాంచెలా కొట్టుకుంది. మెల్లగా పుసి నానింది. ఒక తుడుపు, ఆ దూది పక్కకు. ఇంకో దూది, ఇంకో తుడుపు. బొచ్చుతో సహా తెల్లటి జిగురు సాగుతూ వచ్చింది. ఊర్మిళకు రోత వేసింది. కానీ ఆ రోత చేతి చివర్న ఉంది, దూదికి అవతల ఉంది. నోట్లో లేదు. మధ్యలో ఒక దూది ఉంటే ఇంత దూరం ఉంటుందా అని ఆమె ఆశ్చర్యపోయింది. చివరికి గడ్డిపొట్టు దూదికి అంటుకుని వచ్చేసింది. చీకూ కన్ను తెరిచి, ముక్కు ఆడించి, తువ్వాల అంచు కొరికింది. నలక చూపించమని మాత్రం అడగలేదు.

సాయంత్రం వీడియో కాల్‌లో ఓంప్రకాష్ చీకూభాయ్‌ను బిడ్డలా ఎత్తుకున్నాడు. "బేటీ, ఆంఖ్ మే జరా కచరా థా. మైనే సాఫ్ కర్ దియా" అన్నాడు, కన్ను తానే తుడిచినట్టు. అటువైపు పాప "థాంక్యూ అంకుల్" అంది. ఫోను కెమెరాకు కనపడకుండా ఊర్మిళ ఆ మురికి దూదులు ఏరి డబ్బాలో వేసింది.

సోమవారం ఓంప్రకాష్ కన్ను నలుపుకుంటూ వచ్చాడు. కుర్చీ ట్యూబులైటు కిందికి లాక్కున్నాడు. తల వాల్చాడు. రెండు వేళ్లతో రెప్పలు విడదీశాడు.

"నోరు కడుక్కున్నవా?"

"లేదు" అంది ఊర్మిళ, బియ్యం ఏరుతూ.

"జల్ది కడుక్కో. మండుతాంది."

"నాలుక పెట్టొద్దన్నది డాక్టరు. కన్ను పాడైతదట."

"గది చెవులపిల్లిల డాక్టరు. నేను చెవులపిల్లినా?"

"నిన్న నువ్వే అంటివి గదా, రెండు ఒక్కటే అని."

కుర్చీలో తల వాలిన మనిషి కోపంగా చూడటం కష్టం. పైకప్పునే కోపంగా చూశాడు. "అమ్మా, సూస్తున్నవా దీని నోరు? చెవులపిల్లికి సేవ జేస్తదట, మొగనికి చెయ్యదట."

నర్సవ్వ మంచం మీంచి కొడుకును చూసింది, కోడలిని చూసింది. తర్వాత ఏళ్ల తరబడి అలవాటైన గొంతుతో పిలిచింది. "బిడ్డా విజేతా! నోరు పుక్కిలిచ్చి రా. మీ పప్ప కంట్ల నలక వడ్డది. ఎన్నటికైన నేర్చుకోవల్సిందే గదా, రా."

బియ్యం ఏరుతున్న ఊర్మిళ చెయ్యి ఆగిపోయింది. విజేత ఎదురు చెబుతుందేమో అనుకుంది. నవ్వుతుందేమో, ఛీ అంటుందేమో అనుకుంది. గుడ్డు మాటకు పడీపడీ నవ్విన పిల్ల, ఫోను పక్కన పెట్టి, తల వంచుకుని బాత్రూంలోకి పోయింది. కుళాయి తిప్పిన చప్పుడు. తర్వాత గుడగుడమని పుక్కిలించే చప్పుడు. తన గొంతే ఆ చిన్న గొంతులోంచి వస్తున్నట్టు ఊర్మిళకు వినపడింది. నిన్నటి కుందేలు పుసి, పద్నాలుగేళ్ల సాంచె నూనె, ఆ పేరులేని జిగట, అన్నీ ఒక్కసారిగా తన నోట్లోకి కాకుండా బిడ్డ నోట్లోకి పోతున్నట్టు కనపడ్డాయి. బియ్యం చేట కింద పెట్టి లేచింది.

బాత్రూం తలుపు దగ్గర బుగ్గలు ఉబ్బించుకుని నిలబడి ఉంది విజేత.

"ఉమ్మెయ్" అంది ఊర్మిళ.

విజేత ఉమ్మేసింది.

"పోయి చదువుకో. ఈ ఇంట్ల ఇగ ఎవ్వలూ నోరు పుక్కిలియ్యరు."

కొక్కేనికి వేలాడుతున్న పాత తెల్లచీర తీసి నర్సవ్వ మంచం మీద పెట్టింది. నర్సవ్వ దాన్ని కాసేపు నిమిరి, మడతపెట్టి, దిండు కింద పెట్టుకుంది. ఊర్మిళ వంటింట్లోకి పోయి, నిన్న మరగబెట్టిన గిన్నెలోనే మళ్లీ నీళ్లు మరగబెట్టి చల్లార్చింది. ఓంప్రకాష్ అంతసేపూ రెప్పలు పట్టుకునే ఉన్నాడు, పని జరిగే దాకా లేవకూడదన్న పట్టుదలతో. ఆమె గిన్నె, దూది, గడ్డం గీసుకునే చిన్న అద్దం తెచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టింది.

"ఏందిది?"

"తుడుసుకో. ముక్కు పక్కకెల్లి బయటికి. ఒకసారి తుడిసిన దూది మల్ల వాడకు."

"నేనా? చెవులపిల్లికి నువ్వే తుడిస్తివి గదా!"

"దానికి చేతుల్లేవు" అంది ఊర్మిళ.

మంచం మీంచి నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గు మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు సాగింది. ఓంప్రకాష్ తల్లిని చూశాడు, పంజరంలో రెండు కళ్లూ తెరిచి కూర్చున్న చీకూభాయ్‌ను చూశాడు, చివరికి అద్దంలో తన కన్ను తానే చూసుకున్నాడు. ఎర్రగా ఉంది. మూలన పుసి ఉంది. "ఛీ" అన్నాడు అప్రయత్నంగా. దాన్ని ఆయన దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి దూది కోసం మెల్లగా చెయ్యి చాచాడు.

"ఆగు" అంది ఊర్మిళ. "చేతులు కడుక్కున్నవా?"